రెండు వందల పన్నెండు కోపర్నికస్‌లు

మార్చి 2, 1985. శనివారం

ఇవాళ నా సింగిల్ రికార్డు దుకాణాల్లోకి వచ్చింది. ‘కోటు జేబులో మంచు’. కవరు మీద నా ఫోటో ఒక్కటే. పదకొండేళ్ళు ‘బాయిలర్ గది’ బ్యాండులో నలుగురి మధ్య ఇరుక్కుని నిలబడ్డవాణ్ణి. ఒక్కణ్ణే ఉండేసరికి కవరు మరీ వెడల్పుగా కనిపించింది.

ఇంట్లో వేసి వినిపించాను. మా అత్తగారు సలోమేయా స్వెటరు అల్లడం ఆపకుండా పాటంతా విన్నది. ఆవిడ ముప్పై ఎనిమిదేళ్ళు మూడో తరగతికి పాఠాలు చెప్పింది. రిటైరైనా మార్కులు వేసే జబ్బు మాత్రం పోలేదు. సూపుకీ, వానకీ, చర్చిలో ఫాదర్ ప్రసంగానికీ, అన్నిటికీ వేస్తుంది. ఐదు వస్తే గొప్ప, రెండు వస్తే తప్పినట్టు.

“రెండు,” అంది.

“రెండా అత్తయ్యా?”

“రెండో చరణంలో ఏమన్నావ్? జేబులో పెట్టుకున్న మంచు వసంతం వచ్చినా కరగలేదన్నావా లేదా? ఎట్లా కరగదయ్యా? నా క్లాసులో ఎవడైనా ఇట్లా రాస్తే గోడకేసి నిలబెట్టేదాన్ని.”

“అది కవిత్వం, అత్తయ్యా.”

“అయితే కవిత్వానికి రెండు.”

నా భార్య లుత్సినా నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకటే.

వార్సాలో రికార్డు కంపెనీ డైరెక్టరు నిన్న చెప్పిన మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏప్రిల్ నెలాఖరుకల్లా ఈ పాట రేడియోలో శ్రోతలు ఎంచే శనివారం పాటల పట్టికలో, మొదటి ముప్పైలోకి రావాలి. రాకపోతే నా ఆల్బమ్ విడుదల కాదు. టేపులకి కరువుగా ఉంది కాబట్టి నా పది పాటలూ చెరిపేసి ఆ టేపు వేరే ఎవరికో ఇస్తారట. చెరిపేస్తాం అని ఆయన చాలా మర్యాదగా, టీ కలుపుతూ చెప్పాడు.

ఈ డైరీని గిటారు పెట్టెలో, గుడ్డ కింద పెడుతున్నాను. పేజీల మధ్య నా వెంట్రుక ఒకటి ఉంచాను. ఎవరైనా తెరిస్తే తెలుస్తుంది.

మార్చి 5

రికార్డుల దుకాణంలో నా సింగిల్ పిల్లల కథల రికార్డుల వెనక ఉంది. ముందుకు తెచ్చి పెట్టాను. పావుగంట తర్వాత మళ్ళీ లోపలికి వెళ్తే, మళ్ళీ వెనక్కి పోయింది. కౌంటరు దగ్గరి అమ్మాయి గోళ్ళు చూసుకుంటోంది. ఆ అమ్మాయి కోటు మీద ‘బాయిలర్ గది’ బ్యాడ్జి ఉంది.

మా పాత బ్యాండు గెరార్డ్ పనే. నేను బ్యాండు వదిలేసిన రోజున “నువ్వు ఒక్కడివే పాడితే ఎట్లా ఉంటుందో మేం కూడా వింటాంలేరా” అన్నాడు. ఆ మాటలో విషం ఉందని లుత్సినాతో అంటే, “అందులో విషం ఏముంది? వింటానన్నాడు, అంతేగా?” అంది.

మార్చి 9

పట్టికలో లేను.

మార్చి 11

వెంట్రుక లేదు.

రాలిపోయి ఉండొచ్చు. ఈమధ్య జుట్టు బాగా ఊడుతోంది. కొత్తది పెట్టాను.

మార్చి 13

కొత్త వెంట్రుక కూడా లేదు. నా నల్ల సిరా సీసా సగానికి దిగింది. ఆ సిరాతో నేను ఈ డైరీ తప్ప ఇంకేమీ రాయను, డైరీలో ఇన్ని మాటలు లేవు. భోజనాల దగ్గర లుత్సినా వేళ్ళు చూశాను. శుభ్రంగా ఉన్నాయి, పాల కేంద్రంలో పాలు పరీక్షించే పని కదా, రోజుకి పదిసార్లు కడుగుతుంది. అంటే ఏమీ తేలలేదన్నమాట.

మా అమ్మకి కార్డు రాద్దామని కియోస్కుకి వెళ్ళాను. కోపర్నికస్ విగ్రహం బొమ్మ ఉన్న కార్డులు తప్ప ఈ తోరూన్ ఊళ్ళో ఎప్పుడూ ఇంకేం దొరకవు. ఇవాళ అవీ లేవు. “ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు బాబూ,” అంది కియోస్కు ఆవిడ, నా ముఖంలోకి చూడకుండా. నిరుడు ఇదే ఆవిడ నా సంతకం అడిగి తీసుకుంది. ఇప్పుడు కార్డు కూడా అమ్మనంటోంది. బయటి ఊరివాడు ఎన్నేళ్ళున్నా బయటివాడే. ఇక్కడ పుట్టినవాళ్ళంతా ఒకరికొకరు.

మార్చి 16

పట్టికలో లేను. గెరార్డ్ వాళ్ళ కొత్త పాట ఏడో స్థానంలో ఉంది. చచ్చు పాట. నేను లేకుండా కోరస్సు బోసిగా ఉంది.

అదే వరస నేను హమ్ చేస్తుంటే లుత్సినా వంటింట్లోంచి తొంగి చూసింది. ఆపేశాను.

మార్చి 19, మంగళవారం

చూశాను. నా కళ్ళతో నేనే చూశాను.

వంతెన దగ్గర ట్రామ్ ఆగేచోట అత్తగారు. చేతిలో న్యూస్‌పేపరు చుట్టిన పొట్లం, ఇటుకంత ఉంటుంది. ఎదురుగా గెరార్డ్. బ్యాండు బస్సు రోడ్డవతల ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. ఇవాళ్టి నుంచి వాళ్ళకి ఊళ్ళు తిరిగే కచేరీలు. నేను కియోస్కు వెనక నక్కాను. గెరార్డ్ వంగి ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు, పొట్లం కోటు లోపల దాచుకున్నాడు. ఆవిడ అటూ ఇటూ చూసి చూపుడు వేలు పెదాల మీద పెట్టుకుంది. వాడు తల ఊపాడు.

ఏముంది ఆ పొట్లంలో? నా కొత్త పాటల కాయితాలన్నీ లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. కాపీ చేసి ఉంటారు. సిరా అందుకే తగ్గింది!

సాయంత్రం మామూలుగా అడిగాను. “ఇవాళ ఎక్కడికన్నా వెళ్ళారా అత్తయ్యా?”

“చర్చికి. ప్రసంగానికి మూడు వేశాను. దగ్గు మరీ ఎక్కువైపోయింది ఫాదర్‌కి.”

డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, చర్చి పేరు చెప్పి అబద్ధం ఆడింది. గెరార్డ్ మూడో తరగతిలో ఈవిడ దగ్గరే చదివాడు. అల్లుణ్ణి నేనే అయినా, ఆవిడ మనసులో మొదటి బెంచీ వాడిదే.

మార్చి 23

రేడియోలో ఓల్గెర్డ్ గారు పట్టిక చదివి, ఆఖర్న “గుమ్మం దగ్గర నిలబడ్డ పాటలు” అని మూడు పేర్లు చెప్పారు. మూడోది నాది!

అత్తగారు రేడియో సౌండు పెంచింది. “వాన పడేలా ఉంది, వార్తలు విందామని,” అంది. వార్తలకి ఇంకా అరగంట ఉంది.

మార్చి 30

ముప్పై నాలుగు. ఇంకో నాలుగు మెట్లెక్కితే చాలు.

ఇవాళ ఎవరి మీదా అనుమానం లేదు. ఒక్క రికార్డుల దుకాణం అమ్మాయి మీద తప్ప.

ఏప్రిల్ 6, ఈస్టర్ ముందు శనివారం

ఇది రాయాలని లేదు. అయినా ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పట్టిక మొదలుపెట్టే ముందు ఓల్గెర్డ్ గారు గొంతు సవరించుకున్నారు. “శ్రోతలారా, ఈ కార్యక్రమం మీ కార్డుల మీద నడుస్తుంది. ఒక్కో మనిషి ఒక్కో కార్డు. దాని మీద మూడు పాటలు, నచ్చిన వరుసలో. కింద పేరు, వయసు. ఇంతే కదా మన ఒప్పందం? రెండు వారాలకి పైగా ‘కోటు జేబులో మంచు’కి ఓట్లు వచ్చిపడుతున్నాయి. ష్చెచిన్ తపాలా ముద్రతో కొన్ని, క్రాకోవ్ ముద్రతో కొన్ని, లుబ్లిన్ నుంచి కొన్ని. దేశమంతా మెచ్చిందనుకున్నాం. తీరా పక్కపక్కన పెట్టి చూస్తే, అన్నిటి మీదా తోరూన్ ఊళ్ళో కోపర్నికస్ విగ్రహమే. అన్నిటి మీదా ఒకటే చేతిరాత. రెండు వందల పన్నెండు కోపర్నికస్‌లు! భూమినే తిప్పినవాడు, మా పట్టికని తిప్పలేకపోయాడు పాపం.”

స్టూడియోలో ఎవరో నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

“ఆ పాటని తీసేస్తున్నాం. అంతే కాదు. ఈ పని చేసినవాళ్ళు ముందుకొచ్చి ఒప్పుకునేదాకా తోరూన్ బ్యాండ్లవి, గాయకులవి ఏ పాటా ఈ పట్టికలో ఉండదు.”

ఏడో స్థానంలో ఉన్న గెరార్డ్ వాళ్ళ పాట కూడా పోయింది.

లుత్సినా చెయ్యి నా భుజం మీద వేసింది. అత్తగారు లేచి, రేపటి ఈస్టర్ గుడ్లకి రంగు వెయ్యాలని వంటింట్లోకి వెళ్ళింది. ఒక గుడ్డు కింద పడ్డ చప్పుడైంది. ఆవిడ చేతిలోంచి ఏదైనా జారిపడటం ఈ పన్నెండేళ్ళలో నేను చూళ్ళేదు.

ఇప్పుడంతా తేటతెల్లమైంది. ష్చెచిన్, క్రాకోవ్, లుబ్లిన్. బస్సు తిరిగిన ఊళ్ళు అవే. దొంగ ఓట్లు వేయించి, కావాలనే ఒకే బొమ్మ, ఒకే చేతిరాత వాడి దొరికిపోయేలా చేశారు. నా పరువు రేడియోలో, దేశమంతా వింటుండగా తీశారు. తన పాట కూడా పోయింది కదా అంటారా? అదే వాడి తెలివి. ఎవరూ అనుమానించకూడదని తన పాటని కూడా బలిచ్చాడు.

ఓల్గెర్డ్ గారికి ఉత్తరం రాశాను. ఆ కార్డులు కొన్ని నాకు పంపండి, దొంగని నేను పట్టిస్తాను అని.

ఏప్రిల్ 8, తడి సోమవారం

ప్రతి ఏడూ ఇవాళ పొద్దున్నే గెరార్డ్ సీసాతో నీళ్ళు పట్టుకొచ్చి లుత్సినా మీదా, అత్తగారి మీదా చల్లుతాడు. ఈస్టర్ మర్నాడు నీళ్ళ పండగ కదా. ఈసారి రాడనుకున్నాను. వచ్చాడు. మెట్ల మీదే బకెట్టుతో కాపు కాశాను.

నిండు బకెట్టు నెత్తిమీద గుమ్మరించాను.

“అబ్బ! ఒరేయ్ ఇరెక్, సీసాతో చల్లాలిరా, ఏరు పారించకూడదు!” అని నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

“ఆ కార్డులు నువ్వే పోస్టు చేశావా?”

తడి ముఖం తుడుచుకున్నాడు. కళ్ళు నా భుజం మీదుగా గుమ్మంలోకి పోయాయి. అక్కడ అత్తగారు నిలబడి ఉంది.

“చేశాను,” అన్నాడు.

“ఎందుకు?”

“అది చెప్పలేనురా.”

“చెప్పలేవా? నా పాట నాశనం చేసి చెప్పలేవా?”

“మాటిచ్చాను. ఇంకేం అడక్కు.”

సీసా లాక్కుని వాడి మీద విసిరాను. గోడకి తగిలి పగిలింది. ఇద్దరం పట్టుకున్నాం, మెట్ల మీద పొర్లాం. లుత్సినా అడ్డం వచ్చి ఇద్దర్నీ తిట్టింది. తడిసిన కుక్కల్లా చెరో మూలా నిలబడ్డాం. వాడు వెళ్తూ అత్తగారికి తల వంచి, “పండగ శుభాకాంక్షలు, టీచర్,” అన్నాడు.

తర్వాత నాతో ఒకే ఒక్క మాట అంది. “ఆ పిల్లాడు మూడో తరగతిలో కూడా అబద్ధం ఆడేవాడు కాదు.”

ఇంకా వాణ్ణే వెనకేసుకొస్తోంది!

ఏప్రిల్ 10

తడి బట్టలతో నిలబడ్డందుకు జ్వరం. ముప్పై తొమ్మిది డిగ్రీల సెల్సియస్.

ఏప్రిల్ 11

మంచం మీదే పడుకుని సంగీత వారపత్రికకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. దోషి గెరార్డ్ అని పేరు పెట్టి రాశాను. పోస్టు చేసింది నేనేనని వాడే ఒప్పుకున్నాడని రాశాను. ఇది అచ్చయితే ‘బాయిలర్ గది’ మళ్ళీ రేడియోలో వినపడదు.

చదువుకుంటే మనసుకి హాయిగా ఉంటుందనుకున్నాను. సగంలోనే ఆపేశాను. జ్వరం వల్ల.

ఏప్రిల్ 12

లేవలేకపోయాను. లుత్సినా పనికి పోయింది. అత్తగారు పోస్టాఫీసు వైపు వెళ్తున్నానంది. ఇంట్లో ఎవరినీ నమ్మను, కానీ ఒళ్ళు సహకరించాలిగా? కవరుకి చుట్టూ టేపు అతికించి ఇచ్చాను. ఆవిడ చిరునామా చదివింది. నన్ను చూసింది.

“ఇది పంపాలనే ఉందా నీకు?”

“ఉంది.”

“సరే,” అని సంచీలో వేసుకుంది. ఇవాళ సూపుకి మార్కు వెయ్యలేదు. ఆలోచిస్తే, పండగ ముందు నుంచి దేనికీ వెయ్యట్లేదు.

ఏప్రిల్ 17, బుధవారం

జ్వరం తగ్గింది. వార్సా నుంచి పార్సిలు వచ్చింది. ఓల్గెర్డ్ గారు ఇరవై కార్డులు పంపారు. “దొంగ దొరికితే నాకూ చెప్పండి. చేతిరాత మాత్రం చూడముచ్చటగా ఉంది” అని చిన్న చీటీ.

వంటింటి బల్ల మీద కార్డులన్నీ పరిచాను. నల్ల సిరా. గుండ్రటి, బొద్దు అక్షరాలు, ఒక్కటీ గీత దాటలేదు. చంటిపిల్లలు దిద్దుకునే పుస్తకంలో అచ్చు వేసినట్టున్నాయి. గెరార్డ్ రాత కోడి కెలికినట్టుంటుంది. వాడి చేత ఈ జన్మలో కాదు. మరి ఎవరిది? ఎక్కడో చూశాను. రోజూ చూస్తున్న రాతే ఇది.

టీలోకి జామ్ కోసం బీరువా తెరిచాను. వరసగా సీసాలు. ఒక్కో సీసాకీ చీటీ. ‘ప్లమ్. 1984 సెప్టెంబరు.’ ‘ప్లమ్. చక్కెర తక్కువ.’ ‘చెర్రీ. అల్లుడికి.’

సీసా బల్ల మీద కార్డు పక్కన పెట్టి కూర్చున్నాను. టీ చల్లారిపోయింది.

కార్డుల కింద పేర్లన్నీ ఆవిడ పాత విద్యార్థులవై ఉంటాయి. గెరార్డ్ చెల్లెలి పేరుంది. కియోస్కు ఆవిడ పేరుంది. అందరి వయసూ ఎనిమిదే, లేదా తొమ్మిది. ఆవిడకి వాళ్ళెవరూ పెరగలేదు. ఒక్క కార్డు మీద మాత్రం సొంత పేరే ఉంది: సలోమేయా విల్చెఫ్‌స్కా, డెబ్బై ఒకటి.

ఇంకోటి గమనించాను. ఇరవై కార్డుల్లోనూ నా పాట మూడోది. మొదటిది కాదు, రెండోది కాదు. దొంగ ఓటు వేసేటప్పుడు కూడా మూడో స్థానమే.

నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో నన్ను గెలిపించాలని చూసిన ఒకే ఒక్క మనిషి వెనక కియోస్కు చాటున నక్కి నక్కి తిరిగాను.

ఏప్రిల్ 18

ఉత్తరం పంపి ఆరు రోజులైంది. ఈపాటికి అచ్చుకి పోయి ఉంటుంది. గెరార్డ్‌ని చంపేశాను.

ఒకటి అర్థం కాలేదు. టేపు చెరిపేస్తారని ఎవరికీ చెప్పలేదు కదా. మరి ఏప్రిల్ లోపలే ఇంత తొందర ఆవిడకి ఎందుకు?

ఏప్రిల్ 19

ఆవిడ పేరు చెప్తే పట్టిక తెరుచుకుంటుంది, గెరార్డ్ పాట వెనక్కి వస్తుంది. కానీ ఓల్గెర్డ్ గారు ఆ పేరు దేశమంతటికీ చదివి వినిపిస్తారు. ముప్పై ఎనిమిదేళ్ళు కాపీ కొట్టొద్దని చెప్పిన మనిషి రేపు రొట్టెల క్యూలో ఎట్లా నిలబడుతుంది? నేను ఒప్పుకుంటే నా ఆల్బమ్ ఖాయంగా పోతుంది. ఒప్పుకోకపోయినా పోయేదేలే. కానీ ఇన్నాళ్ళూ “కుట్ర చేసి ఓడించారు” అని చెప్పుకునే వీలైనా ఉండేది. ఇక అదీ ఉండదు. నిజం చెప్పాలంటే, అది వదులుకోవడమే కష్టంగా ఉంది.

ముందు ఇక్కడ చిత్తు రాసుకుంటున్నాను.

‘ఓల్గెర్డ్ గారికి. ఆ రెండు వందల పన్నెండు కార్డులు నావే. ఈ పనితో గెరార్డ్‌కి గానీ, ‘బాయిలర్ గది’కి గానీ ఏ సంబంధం లేదు. వారపత్రికకి నేను రాసిన ఉత్తరం అబద్ధం. నా పాట ఓడిపోయింది. ఎవరూ ఓడించలేదు, జనానికి నచ్చలేదు అంతే. తోరూన్ వాళ్ళ పాటల్ని మళ్ళీ వెయ్యండి. ఇట్లు, ఇరెనేయుష్ ద్రవోష్.’

రేపు పొద్దున శుభ్రంగా రాసి పోస్టు చేస్తాను. వెంట్రుక పెట్టాను, అలవాటు కొద్దీ.

ఏప్రిల్ 20

వెంట్రుక లేదు.

దాని చోట నా కవరు ఉంది. చుట్టూ నేను అతికించిన టేపు కత్తిరించి ఉంది. వారపత్రికకి నేను రాసిన నాలుగు పేజీలూ లోపలే ఉన్నాయి. పోస్టాఫీసు గుమ్మం కూడా తొక్కలేదు అవి. మొదటి పేజీ మీద ఎర్ర పెన్సిలుతో పెద్ద రెండు. దాని కింద గుండ్రటి అక్షరాలు: “తెలియకుండా తీర్పు చెప్పావు.”

నిన్నటి చిత్తు కింద కూడా ఎర్ర పెన్సిలు.

“నాలుగు. మొదటి వాక్యం అబద్ధం, అందుకే ఐదు వెయ్యలేదు.”

అంటే మార్చి నుంచీ మొత్తం చదువుతోంది. పాటల టేపు చెరిపేసే సంగతీ, అనుమానాలూ, కియోస్కు వెనక నక్కిందీ, ఆవిణ్ణి అన్న ప్రతి మాటా. చదివి, మర్నాడు పొద్దున నాకు సూపు పోసింది.

కోపం రావాలి. రాలేదు.

చిత్తులో వారపత్రిక మాట కొట్టేసి, ఉత్తరం నా పేరుతోనే పోస్టు చేసి వచ్చాను. అక్కణ్ణుంచి గెరార్డ్ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి నా చేతుల కేసి చూశాడు.

“బకెట్టు తేలేదా?” అన్నాడు.

“తేలేదురా. చెప్పుకోవాల్సింది ఉంది.”

“లోపలికి రా. టీచరు ఎట్లా ఉన్నారు?”

ఏప్రిల్ 27, శనివారం

ఓల్గెర్డ్ గారు నా ఉత్తరం మొత్తం చదివారు. ఈసారి స్టూడియోలో ఎవరూ నవ్వలేదు. గెరార్డ్ వాళ్ళ పాట తొమ్మిదో స్థానంలోకి తిరిగొచ్చింది. కోరస్సు ఫర్వాలేదు, వినగా వినగా.

ఉత్తరం చదువుతున్నంతసేపూ అత్తగారు అల్లిక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అయిపోయాక కళ్ళజోడు తుడుచుకుంది. “లుత్సినా, సూపు వడ్డించు,” అంది. తిన్నాక, “నాలుగు,” అంది. మూడు వారాల తర్వాత మళ్ళీ సూపుకి మార్కు.

ఏప్రిల్ 30

వార్సాకి ఫోను చేశాను. ఇవాళ పొద్దున చెరిపేశారట. పది పాటలూ పోయాయి. బల్లగుద్ది చెప్తున్నాను, ఇది ఎవరి కుట్రా కాదు.

ఇక ఈ డైరీలో వెంట్రుక పెట్టను. ఒక్కటే అడగాలని ఉంది. ఎదురుగా అడిగే ధైర్యం లేదు కాబట్టి ఇక్కడ రాసి, గిటారు పెట్టెలో కాకుండా వంటింటి బల్ల మీద పెడుతున్నాను.

అత్తయ్యా, అంత కష్టపడి రాశారు కదా, అన్నిట్లోనూ నా పాటని మూడోదానిగా ఎందుకు పెట్టారు?

మే 1

ఎర్ర పెన్సిలు:

“ఎందుకంటే అది మూడోదే. రెండో చరణం మళ్ళీ రాయి. ఆ మంచు కరగనీ.”

కూర్చుని రాస్తున్నాను.